వరుస తప్పిన విలుకాళ్ళు

నేను రాసిన ఒక తప్పు నా చేయి దాటిపోయి తిరుగుతోంది. దాన్ని వెనక్కి పిలవడం నా వల్ల కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ తప్పు ఒక నోటుపుస్తకంలో ఉంది. పాతకాలపు సైన్యాలను బల్లమీద నిలబెట్టి ఆడే ఆటకు నేను చిన్న వయసులో రాసుకున్న నియమాలవి. ఎవరో అడిగితే ఇచ్చాను, వాళ్ళు నకలు తీసుకున్నారు, ఆ నకలుకు ఇంకొకరు నకలు తీశారు. పుప్పాలగూడలో ఒక అపార్టుమెంటులో ఆదివారాలు కొందరు కంప్యూటర్ ఉద్యోగులు చేరి ఈ ఆట ఆడతారట. వాళ్ళలో ఒకమ్మాయి నా ఫోన్ నంబరు వెతికి పట్టుకుంది.

"సార్, మీ రూల్స్ ప్రకారం పెడితే ఆర్చర్స్ ప్రతిసారీ ఓడిపోతున్నారు సార్. మేం ఎక్కడో తప్పు ఆడుతున్నామా?" అని అడిగింది.

"మీరు కాదమ్మా, తప్పు నాదే" అన్నాను. పెద్దమనిషి వినయం కొద్దీ అంటున్నాడనుకుని ఆ పిల్ల నవ్వింది. ఫోన్‌లో చెప్పగలిగే సంగతి కాదది. నవ్వనిచ్చాను.

అరవైల చివర నేను మా ఊరు శేరిలింగంపల్లికి పడమరగా ఉన్న ఒక ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో హెల్పర్‌గా పనిచేసేవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ చదవడం ఆగలేదు. మా పంచాయతీ లైబ్రరీ అంటే ఒక గది, రెండు బీరువాలు. రెండూ మూడేళ్ళలో పూర్తిచేశాను. ఎడమ బీరువా కింది అరలో చెదలు తిన్న వైద్యం పుస్తకాలతో సహా. ఆ తర్వాత ఫ్యాక్టరీ కాలనీ లైబ్రరీకి ఎగబడ్డాను. అక్కడ సగానికి పైగా ఇంగ్లీషు పుస్తకాలే. నాకు ఇంగ్లీషు రాదు. మా ఊరి బడి హెడ్మాస్టరు గారి దగ్గర ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఎరువు తెచ్చుకుని, మాట వెంట మాట వెతుక్కుంటూ, రోజుకు అర పేజీ చొప్పున నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా ట్యూషన్ చెప్పించుకోలేదని అప్పట్లో చాలా గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఈ కథలో నన్ను ముంచింది ఆ గొప్పే.

ఆ లైబ్రరీలో అట్టలు ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం ఉండేది, పాతకాలపు యుద్ధాల మీద. ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. అందులో విలుకాళ్ళూ, బల్లెంవాళ్ళూ కలిసి పోరాడిన తీరు మీద ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం నన్ను పట్టుకుని వదల్లేదు. విషయం చెబితే చాలా తేలిక. విల్లు ఉన్నవాడు రెండు వందల అడుగుల దూరంలో ఉన్న శత్రువుకు యముడు. అదే శత్రువు పది అడుగుల్లోకి వస్తే, వీడి రెండు చేతుల్లో ఉన్నది ఒక కర్ర, ఒక తాడు. బల్లెం పట్టినవాడి సంగతి తలకిందులు. దగ్గరికి వచ్చిన గుర్రాన్నైనా ఆపుతాడు గానీ, దూరం నుంచి బాణాలు పడుతుంటే నిలబడి చావడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఒకడి బలహీనతను ఇంకొకడు కప్పాలి. ఎలా కప్పాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, ఎంత మంది అన్నదే అసలు చిక్కు. ఒక దేశంలో విలుకాడికి పక్కనే డాలు పట్టే తోడుమనిషి ఉండేవాడు, ఇద్దరూ జంట. ఇంకో దేశంలో బల్లెంవాళ్ళు మధ్యలో, విలుకాళ్ళు రెండు పక్కలా. పారశీకుల పద్ధతి వేరు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఆ పారశీకుల గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలే ఉన్నాయి. పది మందికి ఒక 'ఫైల్' అట. ముందు పెద్ద డాలు, బల్లెం. వెనక విల్లు. ఫైల్ అంటే మా స్టోర్స్‌లో ఆకురాయి. ఇనుము అరగదీసేది. ఆఫీసులో ఫైల్ అంటే కాగితాల కట్ట. రెండూ ఇక్కడ పొసగవు. నిఘంటువులో మూడో అర్థం ఉంది: వరుస. హమ్మయ్య అనుకున్నాను. అంతకు రెండు పేజీల ముందు 'ర్యాంక్' అనే మాట వచ్చినప్పుడు కూడా నిఘంటువు 'వరుస' అనే చెప్పింది. రెండు వేర్వేరు మాటలకు ఒకే అర్థం ఎందుకుందని నేను ఒక్క నిమిషం కూడా ఆగి ఆలోచించలేదు. నోటుపుస్తకంలో చక్కటి దస్తూరీతో రాశాను: పది మందికి ఒక వరుస. ముందు బల్లెం, వెనక విల్లు.

ఈ ఆట నాతో ఆడింది డ్రాయింగు సెక్షన్‌లో పనిచేసే ఒకాయన. కోస్తా మనిషి. గోదావరి దగ్గరి ఊరు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. లైబ్రరీలో నేను ఆ అట్టల్లేని పుస్తకం ముందేసుకుని నిఘంటువు తిప్పుతూ, నోటుపుస్తకంలో ఒక డాలు బొమ్మ వంకరటింకరగా గీస్తుంటే వెనక నుంచి వచ్చి, "ఆ బొమ్మ నేను గీసిపెట్టనాండీ?" అని అడిగాడు. అలా మొదలైంది. కాలనీలో ఆయన క్వార్టర్ ముందుగది నేలమీద సుద్దతో గీతలు గీసి, చింతగింజలు విలుకాళ్ళుగా, సీతాఫలం గింజలు బల్లెంవాళ్ళుగా పెట్టి ఆడేవాళ్ళం.

ఆయన భార్య మొదటి రోజే నన్ను "అన్నయ్యగారూ" అంది. భార్య అన్న కాబట్టి ఆయన నన్ను "బావగారూ" అనడం మొదలుపెట్టాడు. నేనేమో మా అలవాటు ప్రకారం ఆయన్ని "అన్నా" అనేవాణ్ణి. మా దిక్కున కొత్తవాడు ఎవడైనా అన్నే. క్యాంటీన్‌లో మేం పిలుచుకోవడం విని అందరికీ వేళాకోళం.

"గీయనేమో అన్న అంటడు, ఆయనేమో బావ అంటడు. మీ ఇద్దరిది ఏం వరుసరా నాయనా!" అని మా స్టోర్స్ మేస్త్రీ అన్నప్పుడల్లా ఆయన నవ్వుతూ జవాబు చెప్పేవాడు: "చూస్తూ ఉండండి, ఎప్పటికైనా దార్లోకొస్తారు మా బావగారు."

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా ఊరి పిల్లలకు మా ఊరి పక్క ఫ్యాక్టరీలో ఉద్యోగాలు రావాలన్నది న్యాయమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆ మాట ఆయనతో కూడా అన్నాను. "నిజమేనండీ, అడగాల్సిందే" అన్నాడాయన. కానీ న్యాయం వేరు, పక్క క్వార్టర్ గోడమీద రాతలు వేరు. ఆయన భార్య బజారుకు వెళ్ళడం మానేసింది. నోరు విప్పితే యాస బయటపడుతుందని భయం. ఆమె తండ్రి తమ ఊరి దగ్గర ఒక చక్కెర మిల్లులో డ్రాయింగు ఉద్యోగం చూసిపెట్టి, సరేనని పోస్టు కార్డు రాయమని కబురు పెట్టాడు. ఆ కార్డు రాయకుండా ఆయన చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. అంచులు నలిగిన ఆ ఖాళీ కార్డు నాకు రోజూ కనబడేది.

"పోతవా అన్నా?" అని అడిగాను ఒకరోజు.

"ఏమో బావగారూ. ఇక్కడ నాకంటూ ఒకటుందని మా ఆవిడకి చూపించగలిగితే ఆగుతుందేమో."

అదే సమయంలో ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్ వార్షికోత్సవానికి హాబీల ప్రదర్శన పెడుతున్నామన్నారు. క్యాంటీన్ వెనక ఒక గది ఖాళీగా ఉంది. ప్రదర్శనలో మెప్పు పొందినవాళ్ళకు ఆ గదీ, ఒక బీరువా ఇస్తామన్నాడు క్లబ్ సెక్రటరీ. క్యారమ్స్ వాళ్ళూ దానిమీదే కన్నేశారు. నేను డ్రాయింగు సెక్షన్‌కు వెళ్ళి ఆయనతో చెప్పాను.

"ఆ గది వస్తే ఉండిపోతానండీ బావగారూ. తలుపుమీద మన ఆట పేరు నేనే రాస్తాను" అన్నాడు. సగం నవ్వుతూ అన్నాడు. ఆ మిగతా సగాన్ని పట్టుకుని నేను వేలాడాను.

అయితే ఆ నెలల్లో సాయంత్రాలు బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. కాలనీ నుంచి మా ఊరికి తిరిగి రావడం కష్టమైంది. అందుకని పని పంచుకున్నాం. పటం, నియమాలు, శత్రువుల గుర్రాలు నావి. అంతవరకు మేం ఎప్పుడూ ఆడని పారశీక సైన్యం ఆయనది. ఎలా చేయాలో తెలియడానికి నా నోటుపుస్తకం ఆయనకిచ్చాను. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ కూర్చుని చెరువు మట్టితో వేలెడంత మనుషుల్ని చేశారు. బల్లేలకు చీపురు పుల్లలు. డాళ్ళకు తాటాకు ముక్కలు. ప్యాకింగు పెట్టెల చెక్కతో చేసిన సన్నటి బద్దలమీద బద్దకు పది మంది చొప్పున బంకతో అంటించారు. ఇరవై నాలుగు బద్దలు. బయటికెళ్ళని ఆ ఇల్లాలు పగలంతా అదే పని చేసిందని తర్వాత తెలిసింది. నేను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. నియమాలు రాసిచ్చాక చూసేదేముందనుకున్నాను.

ప్రదర్శన రోజు క్లబ్ హాల్లో మా బల్ల చుట్టూ ముప్పై మంది దాకా చేరారు. ఆయన భార్య కూడా వచ్చింది. చాలా రోజుల తర్వాత క్వార్టర్ దాటి వచ్చింది, తలుపు దగ్గరే నిలబడింది. ఆయన క్యాంటీన్ బిస్కెట్ల పెట్టె మూత తీసి, మొదటి బద్ద బయటికి తీశాడు.

మనుషులు భుజం భుజం కలిపి పక్కపక్కన లేరు. ఒకడి వెనక ఒకడు, రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు డాలు, బల్లెం పట్టినవాడు ఒక్కడే. వాడి వెనక తొమ్మిది మంది విలుకాళ్ళు. ఇరవై నాలుగు బద్దలూ అంతే.

నా తలకు రక్తమెక్కింది. నేను అనుకున్నది బల్లెంవాళ్ళ వరుసలు వేరు, విలుకాళ్ళ వరుసలు వేరు.

"ఏందన్నా గిది?"

"ఏవైందండీ?"

"వరుస అంటే పక్కపక్కకు గదా ఉండేది! గిట్ల ఒగని ఎన్క ఒగడు ఎట్ల నిలవడ్తడు?"

"మీరు రాసిందే కదండీ. పది మందికి ఒక వరుస, ముందు బల్లెం, వెనక విల్లు." ఆయన నోటుపుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు. నా దస్తూరీ. "పోనీ ఇవి పక్కపక్కన పెట్టి చూడండి బావగారూ. ముందు డాళ్ళన్నీ కలిసి గోడలా వస్తాయి."

ముప్పై మంది చూస్తున్నారు. నేను లైబ్రరీలో చదివి నేర్చుకున్నవాణ్ణి. నాకు తప్పు చెప్పడానికి ఇతనెవరు అనిపించింది. నవ్వుతూనే అన్నాను, అందరికీ వినబడేలా:

"మీ దిక్కోళ్లకు వరుసలే తెల్వయన్నా. గదే లొల్లి."

హాలు ఘొల్లుమంది. వెనక నుంచి ఎవడో, "అన్న అన్నోన్ని బావ అంటడు, ఆయనకేం తెలుస్తది వరుస!" అన్నాడు. ఇంకొకడు, "ఊరికి పంపియ్యిండ్రి, నేర్చుకుని వస్తడు!" అన్నాడు. ఇంకో సంవత్సరంలోనైతే అది ఒట్టి వేళాకోళమే. ఆ సంవత్సరంలో 'మీ దిక్కోళ్ళు' అన్న మాట ఎటు పోతుందో అది నా నోట్లోంచి బయటపడ్డాక గాని నాకు తెలియలేదు. నేను కూడా నవ్వుతూనే ఉన్నాను. ఆపడం చేతకాలేదు. తలుపు దగ్గర చూస్తే ఆయన భార్య లేదు.

నేను బద్దల మీద నుంచి బొమ్మల్ని పెరికి సరిగ్గా పెడదామని మొదలుపెట్టాను. బంక గట్టిగా పట్టింది. కాళ్ళు బద్దకు ఉండిపోయి, ఒళ్ళు నా చేతికి వచ్చింది. రెండోది కూడా అంతే. మూడోదానికి చేయి విరిగింది. ఆయన నా మణికట్టు మెల్లగా పట్టుకుని, "వదిలేయండి" అన్నాడు. అంతే. బద్దల్నే అడ్డంగా తిప్పి ఆ పూట ఏదో ఆడించాం. గుర్రాలు వచ్చి నా పద్ధతిలో పెట్టిన విలుకాళ్ళను తొక్కేశాయి. జనం అప్పటికే క్యారమ్ బోర్డుల వైపు వెళ్ళిపోయారు. గది వాళ్ళకే వచ్చింది. సెక్రటరీని తప్పు పట్టలేను, నేనైనా వాళ్ళకే ఇచ్చేవాణ్ణి.

మర్నాడు ఆయన జేబులో కార్డు లేదు.

తర్వాత మూడు వారాలు నేను రోజూ డ్రాయింగు సెక్షన్ దాకా వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి, తిరిగొచ్చేవాణ్ణి. ఏమని చెప్పాలి? నేను అన్నది ఆట గురించి అనా? ఆయనకూ తెలుసు అది ఆట గురించేనని. అయినా తగిలింది. తగిలినదాన్ని తగలలేదని ఎవరు మాత్రం రుజువు చేయగలరు? ఒకరోజు ఆయనే బయటికి వచ్చి, "టీ తాగుదామా?" అన్నాడు. టీ తాగాం. చక్కెర మిల్లులో చెరకు క్రషింగు సీజను ఎప్పుడు మొదలవుతుందో చెప్పాడు. నేను తలూపాను.

సామాను సర్దిన రోజు వెళ్ళాను. ఆయన భార్య నాకు మంచినీళ్ళిచ్చి, బిస్కెట్ల పెట్టె తెచ్చి ముందు పెట్టింది. "ఇవి దార్లో విరిగిపోతాయండీ. మీ దగ్గరుంచండి" అంది. అన్నయ్యగారూ అనలేదు. అనలేదో, తొందరలో మర్చిపోయిందో నాకు తెలియదు. ఆ ఒక్క మాట కోసం గుమ్మంలో ఇంకాసేపు నిలబడ్డాను.

స్టేషన్లో మాత్రం ఈసారి సరిగ్గా పిలవాలని గట్టిగా అనుకుని వెళ్ళాను. బావా అని ఒక్కసారి అంటే చాలు, మిగిలింది ఆయనకు అర్థమవుతుంది. పెట్టెలు ఎక్కించి ఆయన నా వైపు తిరిగాడు. నా నోటివెంట వచ్చింది: "మంచిగ పోయిరా అన్నా."

ఆయన నవ్వాడు. "ఇంకా కుదరలేదండీ మన వరుస" అన్నాడు. ఆ నవ్వులో కోపం ఉందా లేదా అని నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను.

డెబ్భైల మధ్యలో పట్నం పెద్ద లైబ్రరీలో సభ్యత్వం తీసుకున్నాను. సెలవు రోజు మదీనాగూడ దగ్గర బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడ అదే విషయం మీద ఇంకో పుస్తకం దొరికింది, బొమ్మలున్నది. పేజీ తిప్పగానే పారశీకుల దళం. ముందు నిలువెత్తు డాలు, పొట్టి బల్లెంతో ఒక్కడు. వాడి వెనక ఒకడి వెనక ఒకడుగా తొమ్మిది మంది విలుకాళ్ళు. కింద రాసి ఉంది: పది మంది ఫైల్. పక్కపక్కన నిలబడితే ర్యాంక్, ఒకరి వెనక ఒకరు నిలబడితే ఫైల్. అలాంటి ఫైళ్ళు పక్కపక్కన చేరితే ముందు డాళ్ళన్నీ కలిసి గోడ కడతాయి. వెనకవాళ్ళకు శత్రువు కనబడడు. అయినా ఆకాశంలోకి గురిపెట్టి, ముందువాళ్ళ తలల మీదుగా వేస్తారు.

ఆ బొమ్మ నేను ముందే చూశాను. చెరువు మట్టితో చేసింది. బిస్కెట్ల పెట్టెలో, నా మంచం కింద ఉంది.

ఆయన ఇంగ్లీషు పుస్తకంలోని ఆ పేజీ చూడలేదు. నేను తప్పుగా మార్చి రాసిన తెలుగు మాటను చూశాడు. ఆ మాటలో నేను చూడని సగాన్ని ఆయన చూశాడు. పక్కపక్కన పెట్టి చూడమన్నాడు కూడా. బల్లమీద అర నిమిషం పని.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, మిగిలిన ఇరవై మూడు బద్దలూ నేలమీద పక్కపక్కన చేర్చాను. గోడ వచ్చింది. ఇరవై నాలుగోది వచ్చి చేరాల్సిన చోట, నేను విరిచిన మనుషుల కాళ్ళున్న బద్ద పెట్టాను.

ఆయన ఊరికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు, బొమ్మ కూడా గీసి. మొదటి మాట 'బావా' అనే రాశాను. ఆ చిరునామాలో లేరని తిరిగి వచ్చింది. చక్కెర మిల్లుకు రాస్తే, మానేసి వెళ్ళిపోయారని ఎవరో ఒక వాక్యం రాసి పంపారు. ఎక్కడికో లేదు. నోటుపుస్తకానికి అప్పటికే కాలనీలో ఇద్దరు నకలు తీసుకుని వెళ్ళారు. ఆ నకళ్ళను వాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తీసుకురాలేకపోయాను.

కాబట్టి, ఆ నకళ్ళు ఉన్నవాళ్ళకు నేను చేయగలిగిన విన్నపం ఇంతే. పారశీకుల పేజీలో 'వరుస' అని ఉన్నచోట, పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరు అని చదువుకోండి. పది మందిలో ఒక్కడికే డాలు, బల్లెం. ముందువాడు పడితే ఆ చోటికి వెనకవాడు వస్తాడు, వరుస మొత్తం ఒక్కసారిగా పోదు. అప్పుడు మీ విలుకాళ్ళు నిలబడతారు. ఆ దిద్దుబాటు నాది కాదు.

సాయం చేసిన వాళ్ళకు చివర పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. పేర్లు బయటపెట్టే హక్కు నాకుందో లేదో తెలియదు కనుక వరుసలు పెట్టి చెబుతాను. ఎనిమిదేళ్ళు నిఘంటువు తిరిగి అడగని హెడ్మాస్టరు తాతకు. రిఫరెన్సు పుస్తకం ముందు మూసేవేళ దాటినా కూర్చోనిచ్చిన కాలనీ లైబ్రరీ చిన్నాయనకు. బిస్కెట్ల పెట్టె ఇచ్చిన క్యాంటీన్ అక్కకు. నన్ను వేళాకోళం చేస్తూనే పని నేర్పిన స్టోర్స్ మేస్త్రీ మామకు. తప్పు ఉందని ఫోన్ చేసి అడిగిన పుప్పాలగూడ బిడ్డకు. బయటికి వెళ్ళలేని పగళ్ళలో రెండు వందల నలభై మందికి కళ్ళూ ముక్కూ దిద్దిన చెల్లెలికి.

బావా, నీకు.